సగం వాపసుకు సంతకం పెట్టే ముందు

పొదుపు ఖాతాలోంచి బ్యాంకు ఏవో చార్జీల పేరుతో డబ్బు కోసుకుంటుంది. పాస్‌బుక్ అచ్చు వేయించుకున్న రోజున గానీ ఆ సంగతి బయటపడదు. ఖాతాదారు కౌంటరు దగ్గర అడుగుతాడు, అర్జీ రాసి ఇస్తాడు, మళ్లీ మళ్లీ తిరుగుతాడు. చివరికి బ్యాంకు నుంచి ఒక కబురు వస్తుంది. మొత్తం వెనక్కి ఇవ్వడం కుదరదు, సగం జమ చేస్తాం, దాంతో ఫిర్యాదు ముగిసినట్టు ఒప్పుకోండి అని. ఒప్పుకోవాలా, వద్దా? ఒక ఖాతాకు ఇది వందల్లోనో వేలల్లోనో తేలే లెక్క. దేశం మొత్తం మీద చూస్తే చిన్న లెక్క కాదు. 2019-20 నుంచి 2023-24 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో, ఖాతాలో కనీస నిల్వ లేదన్న ఒక్క కారణంతో ప్రభుత్వ రంగ బ్యాంకులు వసూలు చేసింది దాదాపు 8,500 కోట్ల రూపాయలని కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూలైలో పార్లమెంటుకు తెలిపింది. ఆ డబ్బు ఎక్కువగా వచ్చింది నిల్వ ఉంచలేని వాళ్ల ఖాతాల్లోంచే. అందుకే సగం వాపసు గురించి మనసు పెట్టి ఆలోచించాలి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోవడానికి బ్యాంకు ఎంత ఇస్తానంటోంది అన్నది ఆఖరున చూడాల్సిన విషయం. ఏ కారణంతో ఇస్తోంది, ఏ షరతు మీద ఇస్తోంది అన్నవి ముందు చూడాలి. ఈ రెండూ తేలితే ఆ అంకె మంచిదో కాదో దానంతట అదే తెలుస్తుంది.

ముందు కారణం సంగతి. బ్యాంకు డబ్బు వెనక్కి ఇవ్వడంలో రెండు రకాలున్నాయి. చార్జీ నిబంధనల ప్రకారమే పడింది, అయినా పాత ఖాతాదారు కదా, ఇబ్బందుల్లో ఉన్నారు కదా అని మేనేజరు తనకున్న అధికారంతో కొంత తగ్గించడం మొదటి రకం. అది మర్యాద. ఎంత ఇచ్చినా పుచ్చుకుని ధన్యవాదాలు చెప్పవచ్చు. ఆ చార్జీ అసలు పడకూడనిది కాబట్టి వెనక్కి రావడం రెండో రకం. అది పొరపాటును సరిదిద్దడం. పొరపాటును సగం సరిదిద్దితే మిగతా సగం పొరపాటుగానే ఉండిపోతుంది. చిక్కు ఎక్కడంటే, బ్యాంకు రాసే ఉత్తరంలో ఈ రెండింటికీ ఒకటే భాష ఉంటుంది. ప్రత్యేక సందర్భంగా పరిగణించి, సుహృద్భావంతో, ఖాతాదారు సంతృప్తి కోసం అంటూ రెండో రకాన్ని కూడా మొదటి రకంలాగే రాస్తారు. హక్కుగా రావాల్సింది దయగా కనబడేసరికి, చేతికి వచ్చింది చాలనుకుని మనం వెనక్కి తగ్గుతాం. కాబట్టి ఉత్తరంలోని మర్యాదను పక్కనబెట్టి, ఈ చార్జీ పడవచ్చా, పడకూడదా అని నేరుగా అడగాలి. దానికి జవాబు మేనేజరు మాటలో దొరకదు, రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో దొరుకుతుంది.

కనీస నిల్వ చార్జీనే తీసుకుందాం. 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు దీని మీద ఒక ఆదేశం జారీ చేసింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఖాతాలో నిల్వ తగ్గితే బ్యాంకు వెంటనే కోత వేయకూడదు. ఎస్సెమ్మెస్ ద్వారానో, ఈమెయిలు ద్వారానో, ఉత్తరం ద్వారానో ఖాతాదారుకు స్పష్టంగా తెలపాలి. తెలిపిన తేదీ నుంచి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. ఆ నెలలో నిల్వ సరిచేయకపోతేనే చార్జీ వేయాలి. ఆ చార్జీ కూడా ఎంత తగ్గిందో దానికి అనుపాతంలో ఉండాలి. వంద రూపాయలు తగ్గినవాళ్లకూ రెండు వేలు తగ్గినవాళ్లకూ ఒకే మొత్తం కోయడం ఈ ఆదేశానికి విరుద్ధం. సేవకు బ్యాంకుకు సగటున అయ్యే ఖర్చుతో పోలిస్తే చార్జీ మరీ ఎక్కువగా ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. కేవలం ఈ చార్జీ వల్ల పొదుపు ఖాతా నిల్వ సున్నా కన్నా కిందికి, అంటే మైనస్‌లోకి పోకూడదు. కనీస నిల్వ మొత్తాన్ని గానీ చార్జీలను గానీ మార్చాలనుకుంటే పాత ఖాతాదారులకు కనీసం నెల ముందు చెప్పాలన్న నియమం అంతకు ముందు నుంచే ఉంది. తెలుగువాళ్లకు ఇది దగ్గరి విషయం. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025లో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ బ్యాంకులు రాష్ట్రానికి ఒకటిగా ఏకమయ్యాయి. ఇలా బ్యాంకు మారినప్పుడు ఖాతా నియమాలు మారాయా, మారితే ముందుగా చెప్పారా అని అడగడం ఖాతాదారు హక్కు.

ఈ నియమాన్ని పాస్‌బుక్ మీద పెట్టి చూద్దాం. ఇది లెక్క అర్థం కావడం కోసం అనుకున్న ఖాతా. కనీస నిల్వ రెండు వేలు ఉండాల్సిన చోట 350 రూపాయలే మిగిలాయనుకోండి. మూడు నెలలకోసారి 200 రూపాయల చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 36 రూపాయలు, కలిపి 236 రూపాయలు. మొదటి కోతతో 350 కాస్తా 114 అయింది. రెండో కోతతో మైనస్ 122. మూడో కోతతో మైనస్ 358. ఆ తరవాత వెయ్యి రూపాయల పింఛను పడితే, అందులోంచి ఆ 358 పోగా ఖాతాలో 642 మాత్రమే కనిపిస్తుంది. ఖాతాదారు అడిగితే బ్యాంకు, మూడు కోతలు కలిపి 600, అందులో సగం 300 ఇస్తాం అంటుంది. ఇప్పుడు నియమం ప్రకారం లెక్క వేయండి. నోటీసు అసలు రాలేదంటే మూడు కోతలూ చెల్లవు. జీఎస్టీతో కలిపి 708 రూపాయలు వెనక్కి రావాలి. నోటీసు వచ్చింది, గడువు కూడా ఇచ్చారు అనుకున్నా, ఖాతాను మైనస్‌లోకి నెట్టిన 358 రూపాయలు చెల్లవు. అంటే బ్యాంకు ఉదారంగా ఇస్తానన్న 300 రూపాయలు, ఖాతాదారుకు తక్కువలో తక్కువగా రావాల్సిన దాని కన్నా కూడా తక్కువ. పైగా ఆ సగం లెక్క కట్టేటప్పుడు జీఎస్టీ ఊసే లేదు. చార్జీయే చెల్లదని తేలినప్పుడు దాని మీద వేసిన పన్ను మాత్రం ఎలా నిలుస్తుంది? 708లో 300 అంటే సగం కూడా కాదు, 42 శాతం. ఇది కాగితం మీద రాసి చూస్తే తప్ప కనబడదు. అందుకే బేరానికి ముందు లెక్క ఉండాలి. ఏ తేదీన ఎంత పడింది, అంతకు ముందు నిల్వ ఎంత, నోటీసు ఎప్పుడు వచ్చింది, పన్ను ఎంత అన్న నాలుగు వరుసలు రాసుకుంటే ఒప్పుకోవచ్చా లేదా అన్నది చాలా వరకు తేలిపోతుంది.

మిగతా చార్జీలకు కూడా ఇలాంటి హద్దులే ఉన్నాయి. వాడకం లేక నిద్రాణంగా పడివున్న ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదు. బేసిక్ పొదుపు ఖాతాకు, జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అన్న షరతే లేదు. ఎస్సెమ్మెస్‌ల కోసం వసూలు చేసేది వాస్తవంగా పంపిన సందేశాల లెక్కన ఉండాలని 2013లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. వ్యక్తులు తమ సొంత అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి రుణాన్ని ముందే తీర్చేస్తే, దాని మీద ముందస్తు చెల్లింపు చార్జీ వేయడం 2012 నుంచే కుదరదు. రుణం వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానాను వడ్డీలో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టు ఆదేశం. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో మాత్రం కోత పడితే, లావాదేవీ జరిగిన రోజు తరవాత ఐదు రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం కూడా ఖాతాదారు అడిగేదాకా ఆగకుండా ఇవ్వాలని 2019 సెప్టెంబరు ఆదేశంలో ఉంది. నెల తరవాత అసలు డబ్బు జమై, పరిహారం రాకపోతే అది కూడా సగం వాపసే. అసలు చేతికి వచ్చేసరికి ఊరట కలిగి పరిహారం మాట మరిచిపోతాం. మరిచిపోయినంత మాత్రాన హక్కు పోదు.

నియమం తప్పిన చార్జీని, నియమం ప్రకారమే పడినా మనకు ఎక్కువనిపించిన చార్జీని వేరుగా చూడాలని ఇంత గట్టిగా చెప్పడానికి పెద్ద ఆధారం బ్రిటన్‌లో ఉంది. అక్కడ ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు వెళ్లినా, అనుమతి మించి ఓవర్‌డ్రాఫ్ట్ వాడినా బ్యాంకులు భారీగా చార్జీలు వేసేవి. 2006 ప్రాంతంలో లక్షలాది ఖాతాదారులు ఆ చార్జీలు అన్యాయమంటూ వెనక్కి అడగడం మొదలుపెట్టారు. చాలామందికి బ్యాంకులు కోర్టు దాకా వెళ్లకుండానే డబ్బు ఇచ్చేశాయి, కొందరికి మొత్తం, కొందరికి కొంత. 2007 జూలైలో ఆ దేశపు ఫెయిర్ ట్రేడింగ్ కార్యాలయం ఏడు బ్యాంకుల మీద, ఒక బిల్డింగ్ సొసైటీ మీద పరీక్ష కేసు వేసింది. అది తేలేదాకా మిగతా ఫిర్యాదులన్నీ నిలిపి ఉంచారు. 2009 నవంబరు 25న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ చార్జీలు ఖాతా సేవకు చెల్లించే ధరలో భాగమే, వాటి మొత్తం ఎక్కువా తక్కువా అన్నది ఒప్పందాల్లోని అన్యాయ షరతులకు సంబంధించిన నిబంధనల కింద పరిశీలించడానికి వీల్లేదు అని. అంతకు ముందు సగమో ముప్పావో పుచ్చుకున్నవాళ్లకు ఆ డబ్బు దక్కింది. మొత్తం వస్తుందని ఎదురుచూసినవాళ్లలో చాలామందికి చివరికి ఏమీ రాలేదు. ఈ కథ విని, చూశారా, ఇస్తామన్నది పుచ్చుకోవడమే తెలివి అని ఎవరైనా అనవచ్చు. నాకు దీంట్లో కనిపించే పాఠం ఇంకా సూక్ష్మమైనది. అక్కడి ఖాతాదారుల వాదన చార్జీ న్యాయమైనదా అన్న ప్రశ్న మీద నిలబడింది. ఫలానా తేదీ ఆదేశంలోని ఫలానా నియమం తప్పారు అన్న ఆధారం మీద కాదు. న్యాయాన్యాయాల మీద వాదన కోర్టులో ఎటైనా తేలవచ్చు. అలాంటప్పుడు చేతికొచ్చిన సగానికి విలువ ఎక్కువ. రాతపూర్వకంగా ఉన్న నియమాన్ని బ్యాంకు తప్పినప్పుడు ఆ అనిశ్చితి చాలా తక్కువ. అప్పుడు సగానికి తలొగ్గడంలో అంత తెలివి లేదు.

మన దేశంలోనూ ఈ గీత గీసే ఉంది. బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చడానికి రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న తెచ్చిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో, బ్యాంకు తీసుకున్న వాణిజ్య నిర్ణయాల మీద ఫిర్యాదులను స్వీకరించరు. చార్జీ 200 బదులు 100 ఉండాల్సింది అని అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళితే, అది బ్యాంకు వాణిజ్య నిర్ణయం అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. నోటీసు ఇవ్వకుండా చార్జీ వేశారు, ఖాతాను మైనస్‌లోకి నెట్టారు అని వెళితే అది సేవాలోపం. వినాల్సిందే. కాబట్టి ఫిర్యాదులో ఎక్కువ వేశారు అన్న మాట కన్నా ఈ నియమం తప్పారు అన్న మాట బలమైనది. మన చేతిలో రెండో మాట ఉంటే మొత్తం అడగవచ్చు. మొదటి మాటే ఉంటే, వచ్చిన సగం మంచి ఫలితమే.

ఇక షరతు సంగతి. చాలామంది గమనించకుండా నష్టపోయేది ఇక్కడే. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 63వ సెక్షన్ ఉంది. రావాల్సిన దానిలో కొంత తీసుకుని, మిగతాది వదులుకోవడానికి ఎవరైనా ఒప్పుకోవచ్చునని అది చెబుతుంది. 5,000 బాకీ ఉన్న మనిషి 2,000 ఇస్తే, మొత్తం బాకీకి చెల్లుగా అవతలి మనిషి దాన్ని పుచ్చుకుంటే, ఇక ఆ బాకీ తీరిపోయినట్టేనని ఆ చట్టమే ఉదాహరణ ఇస్తుంది. ఇంగ్లండులో ఇలా లేదు. తేలిన అప్పులో కొంత చెల్లించినంత మాత్రాన మొత్తం తీరదన్న సూత్రం అక్కడ 1602 నుంచి ఉంది. మన చట్టం వేరే దారి పట్టింది. కాబట్టి పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరిస్తున్నాను అన్న వాక్యం కింద మన దేశంలో సంతకం పెడితే, అది గట్టి సంతకం. 2006లో భగవతీ ప్రసాద్ పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని రైల్వే పరిహారం సందర్భంలో పరిశీలించింది. రైల్వే చెక్కు పంపుతూ, ఇది మీకు సమ్మతం కాకపోతే వెంటనే వెనక్కి పంపండి, పంపకపోతే తుది పరిష్కారంగా ఒప్పుకున్నట్టు భావిస్తాం అని రాసింది. అలాంటి చెక్కును అభ్యంతరం చెప్పకుండా మార్చుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుందని, మార్చుకునే ముందే అభ్యంతరం తెలిపి ఉంటే సంగతి వేరని కోర్టు అంది. అంటే అభ్యంతరం చెప్పడం ఒక్కటే చాలదు, అది ఎప్పుడు చెప్పామన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

అయితే సంతకం పెట్టిన ప్రతివాళ్ల దారీ మూసుకుపోయినట్టు కాదు. 1999లో ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు, చెల్లు రసీదు మీద సంతకం ఉన్నంత మాత్రాన వినియోగదారు ఇక ఏమీ అడగకూడదని కాదు, ఆ సంతకం మోసంతోనో, తప్పుడు మాటలతోనో, అనుచిత ఒత్తిడితోనో తీసుకున్నదని చూపిస్తే కోర్టులు ఆదుకోవచ్చని చెప్పింది. కానీ అది చూపించాల్సిన బాధ్యత సంతకం పెట్టినవాళ్లదే. ముందే జాగ్రత్తపడటం అంతకన్నా తేలిక. డబ్బు పుచ్చుకోవడం వేరు, మిగతా డబ్బు మీద హక్కు వదులుకోవడం వేరు. మొదటిది చేస్తూ రెండోది చేయకుండా ఉండవచ్చు. దానికి పెద్ద వకీలు అక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. ఇందాకటి లెక్కనే పట్టుకుంటే, మీరు ఇస్తామన్న 300 రూపాయలను నాకు రావాల్సిన 708 రూపాయల్లో కొంత భాగంగా మాత్రమే తీసుకుంటున్నాను, మిగిలిన 408 రూపాయల విషయంలో నా ఫిర్యాదు కొనసాగుతుంది అని తేదీతో రాసి ఇచ్చి, నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. మనల్ని అడగకుండానే డబ్బు జమ చేసేస్తే, చూసిన వెంటనే ఇదే మాట ఈమెయిలులో పంపాలి. ఈ షరతుకు బ్యాంకు ఒప్పుకోదు, తుది పరిష్కారమని రాస్తేనే ఇస్తామంటుంది అనుకుందాం. అప్పుడు బ్యాంకు ఆ సగంతో మన మిగతా హక్కును కొనాలనుకుంటోందని అర్థం. ఆ ధర మనకు గిట్టుతుందా అన్నది చల్లగా కూర్చుని ఆలోచించుకోవచ్చు. కనీసం ఏమి అమ్ముతున్నామో తెలిసి అమ్ముతాం.

బేరం కుదరకపోతే తరవాత ఏమిటన్న భయమే చాలామందిని సగానికి ఒప్పిస్తుంది. ఆ తరవాతి దారి మనం అనుకున్నంత కష్టమైనది కాదు. ఫిర్యాదును బ్యాంకు పూర్తిగా గానీ పాక్షికంగా గానీ తిరస్కరించాలనుకుంటే, తుది జవాబు ఇచ్చే ముందు దాన్ని బ్యాంకులోనే ఉండే అంతర్గత అంబుడ్స్‌మన్ పరిశీలనకు పంపాలి. పదికి మించి శాఖలున్న వాణిజ్య బ్యాంకులకు ఈ ఏర్పాటు తప్పనిసరి. కాబట్టి సగం ఇస్తామన్న జవాబు వచ్చినప్పుడు, ఇది అంతర్గత అంబుడ్స్‌మన్ చూసిన తరవాత ఇచ్చిన నిర్ణయమేనా అని రాతపూర్వకంగా అడగవచ్చు. శాఖలో నోటిమాటగా కుదిర్చిన బేరానికీ, ఆ స్థాయిలో తేలిన నిర్ణయానికీ చాలా తేడా ఉంటుంది. బ్యాంకు ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, పూర్తిగా తిరస్కరించినా, కొంత మాత్రమే ఒప్పుకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 2021 పథకంలో ఈ పాక్షిక తిరస్కరణ అన్న మాట స్పష్టంగానే ఉంది. జవాబు అందిన ఏడాదిలోగా వెళ్లాలని ఆ పథకం గడువు పెట్టింది. గడువు చివరిదాకా ఆగడంలో లాభమేమీ లేదు, అప్పటికి అమల్లో ఉన్న నియమం సరిచూసుకుని వెంటనే వెళ్లడమే మంచిది. దీనికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఉత్తరం రాసి తపాలాలో కూడా పంపవచ్చు. వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. కారణం ఏర్పడిన రెండేళ్లలోగా అక్కడ వేయాలి. ఐదు లక్షల లోపు వ్యవహారాలకు అక్కడా రుసుము లేదు. సొంతంగా వాదించుకోవచ్చు. అయితే ఒకే విషయం మీద రెండు చోట్లా ఒకేసారి తిరగడం కుదరదు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, నాలుగు వందల కోసం ఇంత తిరుగుడా, ఆ పొద్దు కూలికి పోతే అంతకన్నా ఎక్కువ వస్తుంది కదా అని. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత మనవాళ్లకు ఊరికే పుట్టలేదు. ఈ మాటలో నిజముంది. తిరుగుడుకయ్యే ఖర్చు వచ్చేదాన్ని మించితే ఆగిపోవడం తప్పు కాదు. కానీ ఖర్చు లెక్క వేసేటప్పుడు శాఖ చుట్టూ పదిసార్లు తిరగడాన్ని లెక్కలో పెడతాం, అక్కర్లేని ఆ తిరుగుడు మానేసి ఒక్క కాగితం రాసి పంపడాన్ని లెక్కలో పెట్టం. నాలుగు వరుసల లెక్కతో ఒక ఫిర్యాదు, సగానికి జవాబుగా రెండు వాక్యాలు, ఆ తరవాత అవే కాగితాలతో అంబుడ్స్‌మన్‌కు ఒక అర్జీ. ఇంతే పని. ఇంకో మాట కూడా ఉంది. తప్పు పద్ధతిలో వేసిన చార్జీ ఈ మూడు నెలలతో ఆగదు, వచ్చే మూడు నెలలకూ మళ్లీ పడుతుంది. సగం పుచ్చుకుని వదిలేస్తే పాత డబ్బు సగం వస్తుంది, కొత్త కోత మాత్రం యథాతథంగా సాగుతుంది. కాబట్టి ఏ పరిష్కారంలోనైనా ఎంత ఇస్తారు అన్నదానితో పాటు, ఇకపై పడకుండా ఖాతాను మారుస్తారా అన్నది కూడా అడగాలి. కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతాగా మార్పించుకోగలిగితే, కొన్నిసార్లు ఆ మార్పు వాపసు కన్నా విలువైనది.

రెండో అభ్యంతరం, మేనేజరుతో గొడవ పడితే రేపు పంట రుణానికో, బంగారం మీద అప్పుకో వెళ్లినప్పుడు ఇబ్బంది పెడతారు అని. పల్లెల్లో ఒకే శాఖ ఉన్నచోట ఈ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ చార్జీలు చాలా వరకు కంప్యూటరు వ్యవస్థలో ముందే పెట్టిన లెక్క ప్రకారం పడతాయి. శాఖలో ఉన్న మనిషి వాటిని వేయడు, మొత్తం ఎత్తేసే అధికారమూ ఆయనకు చాలాసార్లు ఉండదు. అందుకే ఆయన సగం అంటాడు, తన చేతిలో ఉన్నది అంతే కాబట్టి. ఆ సంగతి గుర్తిస్తే ఆయన్ని నిందించాల్సిన పని లేదు. మీ అధికారం ఇంతవరకేనని నాకు తెలుసు సార్, మిగతాది పైవాళ్లకు పంపండి, నా మీద మీకు గానీ మీ మీద నాకు గానీ కోపం అక్కర్లేదు అని మర్యాదగా చెప్పవచ్చు. ఫిర్యాదు మనిషి మీద కాకుండా చార్జీ మీద ఉన్నప్పుడు సంబంధం చెడే అవకాశం తగ్గుతుంది.

మూడోది, ఖాతా తెరిచేటప్పుడు నిబంధనలకు ఒప్పుకుని సంతకం పెట్టాం, బ్యాంకుకూ ఖర్చులుంటాయి, ఇప్పుడు మొత్తం అడగడం న్యాయమేనా అని. బ్యాంకుకు ఖర్చులుంటాయన్నది నిజం. సేవకు ధర పెట్టుకునే హక్కు కూడా ఉంది. కానీ రిజర్వు బ్యాంకు నియమాలు ఆ హక్కుకు హద్దులు గీశాయి. ఖాతాదారు పెట్టిన సంతకం ఆ హద్దులను చెరపలేదు. ఇంకా, ఈ చార్జీ లేకపోతే బ్యాంకు నడవదు అన్న వాదనకు బ్యాంకులే జవాబు ఇచ్చాయి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో పొదుపు ఖాతాలకు కనీస నిల్వ షరతు ఎత్తేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు కూడా అదే దారి పట్టాయి. పేదవాడి ఖాతాలో నిల్వ తగ్గడం నేరం కాదని, దాని మీద జరిమానా లేకుండా కూడా బ్యాంకు నడపవచ్చని ఆ నిర్ణయాలే చెబుతున్నాయి.

అయితే ఎప్పుడు సగానికి ఒప్పుకోవాలి? ఇందాకటి వాదన ప్రకారమే దీనికి జవాబు వస్తుంది. చార్జీ నియమం ప్రకారమే పడిందని మన లెక్కలోనే తేలితే, ఎంత తగ్గించినా పుచ్చుకోవాలి. నోటీసు వచ్చిందా రాలేదా అన్న దగ్గర ఆధారం రెండు వైపులా లేకపోతే, సగం న్యాయమైన బేరమే. తప్పు కొంత బ్యాంకుది, కొంత మనది అయితే, ఉదాహరణకు ఫోన్ నంబరు మార్చి బ్యాంకుకు చెప్పకపోవడం వల్ల నోటీసు అందకపోతే, పంచుకోవడంలో తప్పులేదు. ఖాతాదారు పెద్దవయసువారై, ఒంట్లో బాగాలేక, వెంట తిరిగే మనిషి లేకపోతే, మనశ్శాంతికి కూడా ఒక ధర ఉందని గుర్తించాలి. గడువు దాటిపోయి దారులన్నీ మూసుకుపోతుంటే, చేతికందిందే దక్కుదల. వీటిలో ఏ కారణంతో ఒప్పుకున్నా అది ఓటమి కాదు, తెలిసి చేసుకున్న నిర్ణయం. ఏ లెక్కా చూసుకోకుండా, సగం అన్న మాట ఉదారంగా వినిపించినందుకు, కౌంటరు వెనక మనిషి చిరాకుగా చూసినందుకు ఒప్పుకోవడమే నేను వద్దంటున్నది.

చివరిగా ఒక మాట. ఒక్కొక్క ఖాతాదారు సగానికి సరిపెట్టుకోవడం అతని సొంత విషయంలా కనిపిస్తుంది. కానీ వేలమంది అలా సరిపెట్టుకుంటే, నియమం తప్పడం బ్యాంకుకు గిట్టుబాటు అవుతుంది. అడగనివాళ్ల దగ్గర మొత్తం మిగులుతుంది, అడిగినవాళ్ల దగ్గర సగం మిగులుతుంది. మొత్తం వెనక్కి ఇవ్వాల్సి వచ్చినప్పుడే ఆ లెక్క మారి, పైన కూర్చున్నవాళ్లు కంప్యూటరులో పెట్టిన పద్ధతిని సరిచేయడానికి పూనుకుంటారు. కాబట్టి నియమం మన వైపు స్పష్టంగా ఉన్నప్పుడు మొత్తం అడగడం పిసినారితనం కాదు, మొండితనం అంతకన్నా కాదు. అడగడం తెలియని, పాస్‌బుక్ చదవడం రాని మరో ఖాతాదారుకు కూడా అది మేలు చేస్తుంది. ఈసారి బ్యాంకు నుంచి సగం వాపసు కబురు వస్తే, సంతకానికి ముందు కారణం అడగండి, షరతు చదవండి, నాలుగు వరుసల లెక్క రాయండి. ఆ తరవాత ఒప్పుకున్నా, కాదన్నా, ఆ నిర్ణయం మీదే అవుతుంది.